శెట్టి తువ్వాలు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఎరువుల అంగడి శెట్టి తన జపాన్ హైబ్రిడ్ కారును మళ్లీ మన షెడ్డుకే తెచ్చాడు. నువ్వు మార్చిన పెద్ద బ్యాటరీ మూడు నెలలకే చచ్చిందని, "పాతది ఏసి మోసం చేసినాడు" అని కర్నూలంతా చాటినవాడు ఆయనే. అప్పుడు నిన్ను కారు ముట్టనివ్వలేదు. ఆ నిందతోనే పోయావు.

ఇవాళ నేను వెనక సీటు విప్పాను. బ్యాటరీకి గాలి పోయే కన్నంలో తువ్వాలు కుక్కి ఉంది. దాన్ని మూస్తే వేడెక్కి బ్యాటరీ చస్తుందని నువ్వు శెట్టికి ఎన్నిసార్లు చెప్పావో నేను విన్నాను.

"మొదటిసారి బ్యాటరీ మార్చినప్పుడే, దుమ్మొస్తాంటే నేనే పెట్టినాలేప్పా," అన్నాడు శెట్టి.

తువ్వాలు లాగి ఆయన చేతిలో పెట్టాను. నీ గురించి ఒక్క మాటైనా అంటాడని నిలబడ్డాను. ఆయన దాన్ని దులిపి భుజాన వేసుకున్నాడు.