సముద్రం పక్కన నింపిన బకెట్లు

ఆదివారం రాత్రి, కంబదూరు

బీచ్ రిసార్టంటే ఉక్కపోత తప్ప ఏముంటుందని సణుగుతూనే వెళ్ళాను. కీమో అయిన నా నేస్తం సుజాత గదిలో పడుకుని ఏడుస్తుందేమోనని భయం కూడా. అది మూడు రోజులూ అలల్లోంచి బయటికి రాలేదు. అలవాటు కొద్దీ నేను బాత్రూంలో బకెట్లన్నీ నింపి పెడితే, "ఈడ గూడా నీళ్ళు దాచుకుంటావేమే, పిచ్చిదానా!" అని ఒక బకెట్ నా నెత్తినే కుమ్మరించి పకపకా నవ్వింది. ఇంత బాగుంటుందని నేనసలు అనుకోలేదు.

తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి చెప్పింది. "రోగం మళ్ళా వచ్చిండాదంట. ఇంక ఆస్పత్రికి పోనే. ఈ మూడు దినాలు చాలు నాకు."

ఇంటికొచ్చేసరికి కొళాయి వస్తోంది, ఐదు రోజుల తర్వాత. బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు కూడా నింపాను. నాకు చేతనైంది అదొక్కటే.

సుజాతను దేంట్లో దాచుకోను?