తడి తువ్వాలు

తమ్ముడూ,

ఈరోజు పదో తరగతికి శ్వాసక్రియ పాఠం చెప్పాను. నీ కూతురు ఇప్పుడు నా క్లాసులోనే ఉంది. ఆక్సిజన్ అందితే కణం చక్కెర నుంచి బోలెడు శక్తి తీసుకుంటుందని, అందకపోతే పరుగెత్తే కాలి కండరం కొద్దిపాటి శక్తితో కాసేపు నెట్టుకొస్తుందని, మెదడు మాత్రం అలా నెట్టుకురాలేదని చెప్పాను.

నీ కూతురు లేచి నిలబడింది. బోటులో చేపలు నిల్వచేసే అర కడగడానికి దిగి నువ్వు పైకి రాలేదని క్లాసందరికీ తెలుసు.

"మా నాయన ముక్కుకి తడి తువ్వాలు కట్టుకోనే దిగినాడు కదా టీచర్?"

మన ఊరు జువ్వలదిన్నెలో అందరూ అంతే, కుళ్లిన చేపల కంపుకే భయపడతారు. మూసిపెట్టిన అరలో, ఆ చేపల్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ముందే ఆక్సిజన్ అంతా వాడేసి ఉంటాయని చెప్పాను. తువ్వాలు కంపును కాస్త ఆపుతుంది గానీ లేని ఆక్సిజన్‌ను తేలేదన్నాను.

"ఆ తువ్వాలు నేనే తడిపిచ్చినాను. గట్టిగా పిండేసినాను. పిండకుండా ఇచ్చుంటే?"

"అప్పుడూ అంతేనమ్మా."

అది కూర్చుంది.

నువ్వు పోయినప్పటి నుంచి అది ఇంట్లో తువ్వాళ్లను పిండకుండా, నీళ్లు కారుతుండగానే దండెం మీద వేస్తోంది. వాళ్లమ్మ రోజూ తిడుతుంది. ఎందుకని మాలో ఎవరమూ అడగలేదు.

అక్క