ఆ ‘దించు’లన్నీ నా పేరున రాసుకోండి

భవన నిర్వహణ విభాగపు ముఖ్య అధికారి గారి సముఖమునకు,
అద్దాలు బిగించు జట్టులో వెనక మనిషిగా పనిచేయుచు, ప్రస్తుతము ఆపరేషన్ సెలవులో ఉన్న పనివాడు వ్రాసుకొను అర్జీ.

విషయం: నా జతగాడికి ఇచ్చిన మెమోను రద్దుచేసి, అదే మెమోను నాకు ఇప్పించవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా, మెమో వద్దు మహాప్రభో అని మొరపెట్టుకునే అర్జీలు తమ బల్ల మీద గుట్టలుగా ఉంటాయి. కావాలని వచ్చినది బహుశా ఇదొక్కటే అయివుంటుంది. మతి చలించి రాయడం లేదు. నాకు ఆపరేషన్ జరిగింది ఛాతీలో, తలలో కాదు.

1. నా జతగాడిని అందరూ గోడ అంటారు. మనిషి అంత ఉంటాడు, మాట అంత తక్కువ. హాజరు పట్టీలో ఉన్న అసలు పేరు పెట్టి పిలిస్తే తనే పలకడు. నేను బావ అంటాను. మాకు చుట్టరికం ఏమీ లేదు, ఏళ్ల తరబడి ఒకే అద్దానికి అటొకరం ఇటొకరం ఉండడం వల్ల కలిసిన వరస అది.

2. తమరికి మా పని కిటికీకి బిగించాకే కనిపిస్తుంది గనుక, మోసే పద్ధతి విన్నవించుకుంటాను. పెద్ద అద్దాన్ని నిలువుగా ఎత్తి, ముందొకరు వెనకొకరు పట్టుకుని మెట్లెక్కుతాము. ఇద్దరిలో ఎవరి పట్టు సడలినా ‘దించు’ అనాలి. ఆ మాట వినగానే రెండోవాడు మారుమాట లేకుండా దించాలి. ఎందుకని అడగరాదు, అడిగేలోపు అద్దం జారిపోతుంది. తర్వాతైనా అడగరాదు, అడిగితే ఇంకోసారి సిగ్గుపడి అనడు. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. అయినా మా జట్టులో దీన్ని తప్పినవాడు లేడు, నేను తప్ప.

3. కిందటేడు నుంచి నాకు పొద్దు వాలేసరికి ఎడమ కంటి రెప్ప వాలిపోయేది. అద్దం ఒకటి పట్టుకుంటే రెండు కనిపించేవి. ముద్ద నములుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాణ్ణి. నవ్వితే ఎవరినో వెక్కిరించినట్టుందని మా ఆవిడ అనేది. పొద్దున్న పులిలా లేచి, సాయంత్రానికి పిల్లిలా ఇంటికి చేరేవాణ్ణి. వేళ్లలో పట్టు కూడా అలాగే పోయేది. అయినా నా నోట ‘దించు’ అన్న మాట ఒక్కసారీ రాలేదు. మగాణ్ణి, పైగా ఇద్దరిలో చిన్నవాణ్ణి, నేనెలా అంటాను?

సరిగ్గా ఆ రోజుల్లోనే గోడ అనడం మొదలుపెట్టాడు. ప్రతి మెట్ల మలుపులోనూ, నా వేళ్లు జారబోయే ముందు, “దించు” అనేవాడు. దించి, నుదుటి మీద లేని చెమట తుడుచుకునేవాడు. ముందు నడిచేవాడికి వెనక ఉన్న నా చెయ్యి కనిపించదు సార్. కానీ అద్దం గట్టిది, ఒక కొసన పట్టు తప్పితే రెండో కొసకు తెలిసిపోతుంది.

నేనేం చేశానో కూడా రాయాలి. ఎగతాళి చేశాను. మేస్త్రీ గారి ముందే, “ఏంటి బావా, వయసు మీద పడిందా? గోడకు బీటలొచ్చాయే!” అన్నాను. జట్టంతా నవ్వింది. గోడ కూడా నవ్వాడు. ఆ ముక్క మేస్త్రీ గారి చెవిలో ఉండిపోయి, గోడ ఎన్నిసార్లు ‘దించు’ అన్నాడో లెక్కకట్టి తమరు పంపిన మెమోలో “వయోభారము వలన గాని, బుద్ధిపూర్వకముగా గాని” అని అచ్చయింది. ఆ వయోభారం నా సరదా సార్. మెమో చూసిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు, దీనికి మాత్రం జబ్బు కారణం కాదు.

4. వ్యాధి విషయమై: ఛాతీ ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుందట. ఒంటిని కాచే కాపలావాళ్లకు చిన్నప్పుడు పని నేర్పి, మనిషి పెద్దవాడయ్యాక అది ముడుచుకుపోవాలట. నాలో ముడుచుకోకుండా కూర్చుని వాళ్లకు లేనిపోని చాడీలు చెబుతోందనీ, వాళ్లు నరం నుంచి కండకు వెళ్లే కబురును దారిలోనే ఆపేస్తున్నారనీ డాక్టరమ్మ గారు చెప్పారు. “ఛాతీ కోయక్కర్లేదు. పక్కటెముకల సందుల్లో చిన్న కన్నాలు పెట్టి, కెమెరా పంపి తీసేస్తాం. కానీ ముందు మీ ఊపిరి గట్టిపడాలి” అన్నారు.

అందుకని సిగరెట్టు మానిపించారు. వేళ తప్పకుండా మాత్రలు, బలం పుంజుకోవడానికి రక్తంలోకి ఎక్కించే మందు, స్కానింగులు అయ్యాయి. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చి, గొట్టంలోంచి ఊపిరి లాగి బంతుల్ని పైకి లేపమన్నారు. మొదట్లో ఒక్క బంతి కూడా కదలలేదు. పని దిగగానే గోడ వచ్చి ఎదురుగా కూర్చుని, గొట్టం లేకుండానే నాతోపాటు ఊపిరి లాగేవాడు. మూడో బంతి లేచిన రోజున నాకన్నా ఆయనకే ఎక్కువ ఆయాసం వచ్చింది. ఆపరేషన్ రోజున చక్రాల మంచం మీద నన్ను తోసుకుపోతుంటే, అలవాటు కొద్దీ ముందు కొస పట్టుకున్నాడు. “మీరు వదలండి, మేం తోస్తాం” అని ఆస్పత్రివాళ్లు చెప్పినా తలుపుదాకా వదల్లేదు.

5. తర్వాత సంగతి: మెలకువ వచ్చేసరికి డొక్కలోంచి ఒక గొట్టం వేలాడుతోంది. దాన్ని తీశాక ఇంటికి పంపారు. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకుని దగ్గమన్నారు. మళ్లీ చెప్పేదాకా నీళ్ల బిందె కూడా ఎత్తవద్దన్నారు. గ్రంథి పోయినంత మాత్రాన గుణం వెంటనే కనిపించదనీ, నెలలు పట్టవచ్చుననీ, ఏడాది దాటినా దాటవచ్చుననీ, అందాకా మాత్రలు మానరాదనీ చెప్పారు. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ గాయం చూడాలని ఉంటుంది. చొక్కా ఎత్తితే చంక కింద మూడు చిన్న మచ్చలు, బొత్తాలంత. “ఇంతేనా?” అన్నారు మా అత్తగారు, పాపం చాలా దూరం నుంచి వచ్చారు. ఇంత చిన్న గాయానికి మా ఆవిడ నాకు తల దువ్వుతోంది, అత్తగారు పళ్లరసం తీస్తున్నారు. ఎవరి సొత్తో తింటున్నట్టుంది నాకు.

6. అలా ఉండగా, నా స్థానంలో గోడకు జతగా వేసిన బట్టతలాయన, ఇదివరకు రంగుల జట్టులో ఉన్నాయన, పలకరించడానికి వచ్చాడు. కుర్చీలో కూలబడి భుజాలు నొక్కుకుంటూ, “నీ గోడ మనిషి కాదయ్యా బాబూ! కింద ఎత్తితే పైదాకా దించడే! ‘దించు, దించు’ అని నేనే మొత్తుకోవాలి. ఇన్నేళ్లు ఎలా వేగావో గానీ!” అన్నాడు.

నేను దిండు గట్టిగా హత్తుకున్నాను. దగ్గేమీ రాలేదు.

నాకు అంతకుముందు తెలియదని ఇక్కడ రాయబోయి ఆగాను. సగం తెలుసు. తెలిసిన సగాన్ని ఎగతాళి కింద దాచుకున్నాను. మా మెట్ల కింద నుంచి రోజూ మనుషులు నడుస్తుంటారు. ఆయన ఆ మాట అనకపోయివుంటే ఏమయ్యేదో తమరే ఊహించుకోండి.

7. (ఈ అంశము కొట్టివేయడమైనది. మేస్త్రీ గారిని తిట్టాను, తప్పు ఆయనది కాదు.)

8. తమ మెమోలో ఉన్న తర్కం: “ఇప్పుడు ఆపకుండా మోయగలుగుచున్నాడు గనుక, గతములో ఆపినది కావలెననియే అని రుజువగుచున్నది. కావున శాశ్వతముగా స్టోరు గదికి ఏల మార్చరాదో సంజాయిషీ ఇవ్వవలెను.” తర్కంలో లోపం లేదు. లోపం నా చేతిలో ఉంది. గోడను పిలిపించి అడిగాను.

“సంజాయిషీ ఏం రాశావు బావా?”

“అలసట అని రాశా.”

“ఎవరి అలసట?”

“కాగితంలో అంత జాగా లేదు. నిజం రాస్తే నిన్ను మళ్లీ అద్దాల దగ్గరికి రానిస్తారా? నోరు మూసుకుని పడుకో.”

అది నిజమే. ఈ అర్జీ తమరికి చేరాక నన్ను అద్దాల దగ్గరికి రానివ్వరు. నాకు చేతనైన పని అదొక్కటే, ఇష్టమైన పనీ అదే. ఎండలో అద్దం మోసుకుపోతుంటే వీధి వీధంతా అందులో కదులుతూ మనతో వస్తుంది. స్టోరు గదికి కిటికీ కూడా లేదని తమరికి తెలుసు. భయంగానే ఉంది. కానీ ఆ గదిలో గోడను ఊహించుకుంటే భయం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది.

కావున తమరు దయయుంచి,

(అ) గోడ పేరున లెక్కకట్టిన ‘దించు’లన్నింటినీ నా పేరుకు మార్పించవలెను.

(ఆ) మెమోలో ‘వయోభారము’ అనుచోట ‘జతగాడి జబ్బు’ అని దిద్దించవలెను.

(ఇ) స్టోరు గదికి ఎవరో ఒకరు వెళ్లక తప్పదంటే, డాక్టరమ్మ గారు పనికి ఒప్పుకున్న నాడు నన్ను పంపవలెను. కూర్చుని చేసే పని నా ఒంటికి సరిపోతుంది, మనసు సంగతి నేను చూసుకుంటాను.

(ఈ) ఎప్పటికైనా నా పట్టు తిరిగివస్తే, నన్ను జతగా తీసుకోవాలో వద్దో గోడనే అడగవలెను. ఆయన వద్దంటే ఎందుకని నేను అడగను.

ఇంతకు మించి విన్నవించుకునే మొహం నాకు లేదు. ఉన్నది ఉన్నట్టుగా చిత్తగించి, శిక్షను చేరవలసిన చోటికి చేర్చగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
గోడకు వెనక మనిషి

తా.క.: అయ్యా, ఇది రాసేది నేను, వాళ్లావిణ్ణి. పొద్దున మాత్ర వేసుకుని మొదలుపెట్టారు. ‘కావున తమరు’ దగ్గర చెయ్యి ఆగిపోతే, అక్కణ్ణించి ఆయన చెబుతుంటే నేను రాశాను. సంతకం పెట్టడానికి లేచి కూర్చునేసరికి గోడ అన్నయ్య వచ్చాడు. కాగితం తీసుకుని నిలబడే మొత్తం చదివాడు. “చెల్లెమ్మా, వీడికేమైనా పిచ్చా? చేతికొచ్చిన పని చేజేతులా పోగొట్టుకుంటాడా? నువ్వైనా చెప్పొద్దా?” అంటూ చింపడానికి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ మనిషి చేతుల్లోంచి ఏదన్నా లాక్కోవడం మా వల్లయ్యే పనా? మా ఆయన లేవలేరు, అరవలేరు, ఈ వేళకి మాట ముక్కులోంచి వస్తుంది. మెల్లిగా “దించు బావా” అన్నారు, అంతే.

అన్నయ్య కాగితాన్ని రెండు చేతులతోనూ బల్ల మీద పెట్టేశాడు. ఎందుకని అడగలేదు.

పైన మూల కాస్త చిరిగింది, ఏమీ అనుకోకండి.