ముందు మిగిలేది, తర్వాత పోయేది

చెల్లే,

చదవవని తెలిసీ రాస్తున్నాను. మిర్యాలగూడ రైస్ మిల్లులో బియ్యంలోని నల్లగింజను పసిగట్టే మిషన్ కోసం నువ్వు మొదలుపెట్టిన లెన్స్‌ను పూర్తి చేద్దామని ఈ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీది బొమ్మలో గాజు దిమ్మెలోంచి గోళాన్ని తీసేస్తే గుంట పడాలి. ఎప్పటిలాగే ముందు గోళాన్ని, తర్వాత దిమ్మెను నొక్కి తారుమారు చేశాను. దిమ్మె మాయమై, గోళం ముక్క మిగిలింది.

"గట్ల కాదన్నా! ముందుగాల మిగిలేదాన్ని పట్టు, తర్వాత పోయేదాన్ని. వరుస తప్పితే అంతా ఖతం," అనేదానివి, సూర్యాపేట దవాఖాన మంచం మీద కూడా.

రెండోసారి కుదిరింది. లెన్స్ గుండా వెళ్లిన వెలుగు పడాల్సిన చోటే పడింది. అమ్మకు చూపిస్తే, "పిల్ల సూస్తే ఎంత మురిసేదో," అని లోపలికి వెళ్లిపోయింది.

నీకంటే పదేళ్లు పెద్దవాణ్ణి, నేను మిగిలాను. మన వరుస తప్పించిన ఆ దేవుడికి నీలా చెప్పేవాళ్లు లేకపోయారు.

అన్న