విల్లెట్స్ గారి వదులు పెట్టె

టిప్టన్,
1986 ఏప్రిల్ 7

హొరేస్ విల్లెట్స్ గారికి,

టిప్టన్ నుంచి డెనీస్ పార్జెటర్ నమస్కారాలు. పోయిన నెల క్రాడ్లీ హీత్‌లో మీ షెడ్డుకి వచ్చి గిటారు యాంప్ కొనుక్కెళ్ళిన మనిషిని. పొట్టి జుట్టు, రేకులు నొక్కే ప్రెస్ షాపు ఓవరాల్. మీ ఆవిడ ఎడ్నా గారు నాకు రెండుసార్లు టీ ఇచ్చారు.

యాంప్ ముచ్చటగా ఉంది. దాని గర్జన ఇంకా బాగుంది. చిక్కల్లా ఒక్కటే. వదులు. మా బ్యాండు వాయించేది హెవీ మెటల్. లావు తీగ మీద టకటకా కొట్టి అరచేత్తో నొక్కితే శబ్దం అక్కడికక్కడ తెగిపోవాలి. మీ పెట్టెలో తెగదు. "వెళ్ళొస్తాం" అని చెప్పి గుమ్మంలో అరగంట నిలబడే చుట్టాల్లా, నేను ఆపేశాక కూడా ఏదో అంటూనే ఉంటుంది. దీన్ని బిగించే మార్గం చెప్పండి.

ఇట్లు,
డెనీస్ పార్జెటర్

తా.క. ఫోను చేద్దామనుకున్నాను. "ఫోనులో ఆయన అందరితోనూ పోట్లాడతారు, ఉత్తరం రాయమ్మా" అని మీ ఆవిడ ముందే చెప్పారు.


క్రాడ్లీ హీత్,
ఏప్రిల్ 11

డెనీస్ పార్జెటర్ గారికి,

హొరేస్ విల్లెట్స్ రాస్తున్నాను. మీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు టీ కూడా సహించడం లేదు.

ముప్ఫై ఏళ్ళు గొలుసుల ఫ్యాక్టరీలో ఓడల లంగరు గొలుసులు అతికాను. నేను అతికిన లింకు ఏ సముద్రంలోనూ ఊడలేదు. అలాంటి నా చేతి పని వదులంటారా? వెనక పలకకి పన్నెండు స్క్రూలు, అడుగున ఎనిమిది, పిడికి నాలుగు. అన్నీ నేను స్వయంగా బిగించినవే. అయినా మీరు బస్సులో తీసుకెళ్ళారు గనక కుదుపులకి ఏదైనా సడలిందేమో. స్క్రూడ్రైవరు పంపుతున్నాను. కుడివైపు తిప్పితే బిగుస్తాయి.

ఇట్లు,
పనిలో ఒక్క మరా వదలని
హొరేస్ విల్లెట్స్

తా.క. స్క్రూడ్రైవరు తిరిగి పంపాలి.


టిప్టన్,
ఏప్రిల్ 16

విల్లెట్స్ గారికి నమస్కారాలతో,

స్క్రూలు కాదండీ! శబ్దం. శబ్దం వదులు. స్క్రూలన్నీ ఎంత బిగువుగా ఉన్నాయంటే, చూద్దామని ఒకటి తిప్పబోయి మా డ్రమ్మర్ గ్లిన్ మణికట్టు బెణికించుకున్నాడు. రెండు రోజుల రిహార్సల్ పోయింది.

మాటల్లో చెప్పడం నా వల్ల కావడం లేదు. అందుకని స్నేహితురాలి యాంప్ అరువు తెచ్చి మా పాటలు ఒక క్యాసెట్ మీద ఎక్కించి పంపుతున్నాను. బిగువంటే అదీ. వింటే మీకే తెలుస్తుంది.

ఇట్లు,
డెనీస్

తా.క. స్క్రూడ్రైవరు ఇందులోనే ఉంది. గ్లిన్ దాన్ని మళ్ళీ ముట్టనన్నాడు.


క్రాడ్లీ హీత్,
ఏప్రిల్ 22

అమ్మాయి డెనీస్‌కి,

ఆశీస్సులు. క్యాసెట్ విన్నాను. వంటింట్లో, ఎడ్నా టేప్ రికార్డరులో, కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాను.

అబ్బ, ఏం వదులమ్మా! నా జన్మలో అంత వదులు వినలేదు. ఒక్కో దెబ్బా ఏనుగు నిద్ర లేచి ఒళ్ళు విరుచుకున్నట్టుంది. దీన్నా నువ్వు బిగువంటున్నావు? నీకు కావలసింది నా పెట్టెలో ఉన్నదే, కాకపోతే ఇంకా ఎక్కువ మోతాదులో. మీ గాయకుడిది ఎంత గంభీరమైన గొంతు! పాటలు మాత్రం మరీ నిదానంగా ఉన్నాయి. ఈ కాలం పిల్లలు తొందరపడతారని విన్నాను, పొరపాటే.

నీ మేలు కోరే,
హొరేస్

తా.క. (ఎడ్నా రాస్తున్నది, ఆయనకి తెలియదు.) ఆ టేప్ రికార్డరులో బ్యాటరీలు ఈస్టర్ ముందే అయిపోవచ్చాయి తల్లీ, టేపు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. చెబితే నన్నూ తప్పుపడతారని ఊరుకున్నాను.


టిప్టన్,
ఏప్రిల్ 28

విల్లెట్స్‌కి,

నమస్కారం సంగతి తర్వాత చూద్దాం.

మా గాయకుడు గాయని. మా చెల్లెలు షీనా. మీ ఉత్తరం రిహార్సల్‌లో పైకి చదివాను. ఆ గంభీరమైన గొంతు నాతో మాట్లాడి ఐదు రోజులైంది.

జూన్ 14న ఇక్కడి కార్మికుల క్లబ్బులో మా కచేరీ. మూతపడ్డ స్టీలు మిల్లులో పని చేసిన వాళ్ళంతా వస్తారు. మా నాన్నా ఆ మిల్లు మనిషే. ఆఖరి పాట ఆయన కోసమే కట్టాను. ఆరోజు నా గిటారు పిండిముద్దలా వినిపించడానికి వీల్లేదు. బిగించడం మీకు చేతకాకపోతే చెప్పండి, పెట్టె అమ్మేస్తాను.

ఇట్లు,
డెనీస్ పార్జెటర్

తా.క. ఎడ్నా గారికి మాత్రం నమస్కారాలు.


క్రాడ్లీ హీత్,
మే 3

డెనీస్ పార్జెటర్ గారికి,

"చేతకాకపోతే" అన్నారు. ఆ మాట చదివి షెడ్డులోకి వెళ్ళి ఇది రాస్తున్నాను.

వినండి. ఆ వదులు పొరపాటున వచ్చింది కాదు. దాని కోసం పదకొండేళ్ళు వెతికాను. తీగని గట్టిగా కొట్టగానే లోపల కరెంటు ఒక్క క్షణం కుంగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ లేస్తుంది. కుంగడం తెలియని పెట్టె మీరు కొట్టింది కొట్టినట్టు అప్పజెబుతుంది, అంతే. దాంట్లో ప్రాణం ఉండదు. శబ్దం తెగాలంటే తెంచాల్సింది చెయ్యి. వదులు మీ చేతిలో ఉంది.

పెట్టె పంపండి, చూస్తాను. కానీ లోపల వెంట్రుకవాసి కూడా మార్చేది లేదు.

ఇట్లు,
హొరేస్ విల్లెట్స్, తయారీదారు

తా.క. పిండిముద్ద అన్న మాట ఎడ్నాకి చూపించాను. నవ్వింది. మీ ఇద్దరి సంగతి నాకు అర్థమవుతూనే ఉంది.


క్రాడ్లీ హీత్,
మే 17

డెనీస్ గారికి,

గ్లిన్ వ్యాన్లో మీ పెట్టె తిరిగి పంపుతున్నాను. పరీక్షించాను. ఏ లోపమూ లేదు. ఏమీ మార్చలేదు. దుమ్ము తుడిచాను.

ఇట్లు,
హొరేస్

తా.క. (ఎడ్నా.) దుమ్ము తుడవడానికి నాలుగు రోజులు పట్టింది. నల్లబఠాణీలు, పంది మాంసం పళ్ళెంలో పెట్టి షెడ్డుకే పంపాను. తీగలు అతికే సోల్డరు వాసన కొట్టే దుమ్ము నేనింతవరకు చూడలేదు.


టిప్టన్,
మే 20

విల్లెట్స్ గారికి,

నమస్కారాలు. పెట్టె అందింది. మీరు దుమ్ము చాలా బాగా తుడిచారు. శబ్దం కత్తెర పెట్టినట్టు తెగుతోంది. అంత దుమ్ము ఉందని నాకు తెలియదు.

జూన్ 14న ఎడ్నా గారిని తీసుకుని తప్పకుండా రండి. ముందు వరసలో రెండు కుర్చీలు ఉంచుతాను.

ఇట్లు,
డెనీస్

తా.క. షీనా నాతో మళ్ళీ మాట్లాడుతోంది. మొదటి మాట, "ఆ ముసలాయన వస్తున్నాడా?"


క్రాడ్లీ హీత్,
జూన్ 16

అమ్మాయ్ డెనీస్,

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. మొదటి రెండూ చించేశాను.

నీతో అబద్ధం చెప్పాను. పెట్టె మార్చాను. కరెంటు కుంగేలా చేసే వాల్వు తీసేసి కుంగనివ్వని డయోడ్లు పెట్టాను. నాలుగు కెపాసిటర్లు చిన్నవి వేశాను. నువ్వడిగిన బిగువంతా పెట్టి, పౌరుషం కొద్దీ చెప్పలేదు.

శనివారం ముందు వరసలో కూర్చోలేకపోయాను. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముందు వేగం పాటలు. నీ చెయ్యి ఆగిన చోట శబ్దం ఆగింది. ఆ తర్వాత మీ నాన్న పాట మొదలైంది. నా పక్కన ఓ పెద్దాయన టోపీ తీసి గుండెకి పెట్టుకున్నాడు. నా బూట్ల కింద నేల ఊపిరి తీసుకుంది. ఎడ్నా నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తొమ్మిదేళ్ళయింది.

నువ్వే గెలిచావు. బిగువే సరైంది. పదకొండేళ్ళు తప్పుదారిలో నడిచాను. కచేరీ విన్నవాళ్ళు కొత్తగా ఆరు పెట్టెలకి అడిగారు, ఆరూ బిగువుగానే చేస్తాను. పాత డ్రాయింగు రేపు పొయ్యిలో వేస్తున్నాను.

నీ,
హొరేస్

తా.క. (ఎడ్నా.) డ్రాయింగు నా పిండి డబ్బాలో దాచాను. తొందరగా ఏదైనా రాయి తల్లీ.


టిప్టన్,
జూన్ 18

హొరేస్ మామయ్యకి,

డెనీస్ నమస్కారాలు. పొయ్యి ఆర్పండి. ముందు ఆర్పి, తర్వాత చదవండి.

మీరు మార్చారని మే నెలలోనే తెలుసు. పెట్టె వెనక పలక లోపల ఒక మేజోడు టేపుతో అంటించి ఉంది. అందులో వాల్వు, నాలుగు కెపాసిటర్లు, మీ రాతతో ఒక చీటీ: "ఎప్పుడైనా మనసు మారితే."

రెండు వారాలు బిగువుగానే వాయించాను. ఎంత బాగుందో! ఒకరోజు ఇంట్లో నాన్న పాట వాయిస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. మిల్లు మూసినప్పటి నుంచి ఆయన దాని ఊసెత్తలేదు. ఆరోజు అన్నాడు: "ఇది మా మిల్లులా లేదు తల్లీ. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మ లోపలికెళ్ళగానే రోలర్లు ఒక్క క్షణం కుంగేవి. ఇక ఆగిపోతాయేమో అనిపించేది. అంతలో గర్జించి లేచేవి. నీ దాంట్లో ఆ కుంగడమేది?"

మర్నాడే టీవీలు బాగుచేసే క్లైవ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. మేజోట్లోవన్నీ ఎక్కడివక్కడ పెట్టించాను. మామయ్యా, శనివారం మీరు విన్నది మీ వదులు పెట్టె. మీ పదకొండేళ్ళు. మీ బూట్ల కింద ఊపిరి తీసుకున్నది అదే.

మీ పక్కన టోపీ తీసింది మా నాన్న. "ఇది చేసిన మనిషి మిల్లులో పని చేశాడా?" అని అడిగాడు. "కాదు, గొలుసులు అతికేవాడు" అన్నాను. "అదీ మరి!" అన్నాడు, సొంత తమ్ముడి గురించి చెబుతున్నట్టు. ఆదివారం మీ షెడ్డుకి వస్తామంటున్నాడు.

ఆ ఆరు పెట్టెలూ ఎలా చేస్తారో మీ ఇష్టం. ఒక్కటి మాత్రం వదులుగా చెయ్యండి. షీనా కొంటుందట.

మీ,
డెనీస్

తా.క. వేగం పాటల్లో శబ్దం ఎలా తెగిందని అడుగుతారు. సగం నా చేతి సాధన. అది మీరు ముందే చెప్పారు, ఒప్పుకుంటున్నాను. మిగతా సగం, శబ్దాన్ని లావు చేసి సాగదీసే బాస్ నాబు రెండు మీద పెట్టాను. నేను మొదటి ఉత్తరం రాసిన రోజున అది పది మీద ఉంది. ఈ ముక్క వరకు చించేసి, మిగతాది దాచుకోండి.