మోగని మిషను

జూన్ 4

ప్రియమైన బుల్లికి,

ఫోను చెయ్యలేదని అలగకు. రెండు మాటలనేసరికి ఊపిరి అందడం లేదు. నువ్వేమో "అన్నయ్యా, ఉన్నావా?" అని కంగారుపడతావు. కాగితం మీదైతే మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఆగినా ఎవరికీ తెలియదు.

ఊపిరితిత్తుల డాక్టరమ్మకి చూపించుకున్నాను. నూలు మిల్లులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా పీల్చిన దుమ్ము ఊరికే పోతుందా? పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాలి అంది. పొడి మందు రాసింది. అరచేతిలో ఇమిడే చిన్న మిషను. అందులో క్యాప్సూల్ పెట్టి, రెండు పక్కలా నొక్కి చిల్లు పొడిచి, నోట పెట్టుకుని పీల్చాలి.

ఆరు వారాలకి మళ్ళీ ఊపిరి పరీక్ష. అప్పటికీ ఇలాగే ఉంటే కుట్టుమిషన్ల రిపేరు షాపు మూసేసి నీ దగ్గరికి వెళ్ళిపొమ్మంది. షాపు మూసి నేనేం చెయ్యను, నువ్వు పాఠం చెప్పే పుస్తకాలకి నూనె వెయ్యనా?

ఈ మందు మిషను మొదటిరోజు గిర్రుమని మోగింది. ఎక్కడో వదులుందనుకున్నాను. మూడు రోజుల్లో ఒడుపు పట్టేశాను. ఇప్పుడు చడీచప్పుడు లేదు.

నీ అన్నయ్య

* * *

జూన్ 12

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి భయమేసింది.

కిటికీ ఉన్న గది నీ కోసం ఖాళీ చేశాను. పరీక్ష కాకుండానే ఎందుకు చేశావంటావు. నాకూ తెలియదు. మంచి జరుగుతుందని నమ్ముతూనే చెడుకి పక్క పరిచి ఉంచడం నా గుణం. నువ్వు చదువు మానేసి నన్ను చదివించావు, నేనేమో ఆ చదువుతో అనుమానపడటం నేర్చుకున్నాను.

రోజూ పీలుస్తున్నావా? పీల్చాక క్యాప్సూల్ తెరిచి చూస్తున్నావా, ఖాళీ అవుతోందా?

ప్రేమతో,
బుల్లి

* * *

జూలై 1

ప్రియమైన బుల్లికి,

అన్నం మానిన పూటైనా ఉంది గానీ మందు మానిన పూట లేదు. అయినా గుణం లేదు. నిన్న ఒక కుట్టుమిషను బల్ల మీదికి ఎత్తబోయి, సగంలో దించేసి కూలబడ్డాను. పక్క షాపు టైలరమ్మ చూసి, "మేస్త్రీగారూ, మిషనుని మీరు బాగుచేస్తున్నారా, మిమ్మల్ని అది బాగుచేస్తోందా?" అంది. నవ్వాను. నవ్వితే దగ్గు.

ఆమెకి జాగా చాలడం లేదట. "నా షాపు తీసుకుంటావా అమ్మా?" అని నోరు జారాను. పరీక్ష అయ్యాక మాట ఇస్తానన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

క్యాప్సూల్ తెరిచి చూశాను. సగం పొడి అలాగే ఉంటోంది. నాసిరకం సరుకు. మిషను తప్పేం లేదు. నూలుపోగైనా కదలనంత మెల్లగా పీలుస్తాను, కిక్కురుమనదు. మోగే మిషను చెడిన మిషనని మా హెడ్డు ఫిట్టరు నెత్తిన మొట్టి మరీ నేర్పాడు.

నీ అన్నయ్య

* * *

జూలై 10

ప్రియమైన అన్నయ్యకు,

నీ మిషను మోగాలి. మోగకపోవడమే తప్పు.

మా వీధి మందుల షాపావిడ ఖాళీ మిషను తీసి చూపించింది. ముందు పక్కకి తిరిగి ఊపిరంతా బయటికి వదలాలి, మిషనులోకి మాత్రం ఊదకూడదు. తర్వాత పెదాలు బిగించి ఒక్కసారిగా, గట్టిగా, లోతుగా లాగాలి. లోపల క్యాప్సూల్ గిరగిరా తిరిగితేనే పొడి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాసేపు బిగబట్టాలి. పొడి మిగిలితే మళ్ళీ పీల్చాలి. నువ్వు సరిగ్గా పీల్చింది ఆ మొదటిరోజే.

ఈ పైదంతా ఆదివారం రాసి, కవరు అంటించాను. ఇవాళ గురువారం. నాలుగు రోజులూ అది నా చేతిసంచిలోనే ఉంది. పోస్టుడబ్బా ముందు నుంచే కాలేజీకి వెళ్ళొచ్చాను. మరిచిపోలేదు అన్నయ్యా. నువ్వు వస్తే సాయంత్రాలు ఈ ఇంట్లో ఇంకో గొంతు వినిపిస్తుందనుకున్నాను. నీ షాపు పోతేనే నా ఇల్లు నిండుతుందని తెలిసీ అనుకున్నాను. నిన్న ఆ గదిలో దుప్పటి సర్దుతుంటే నా చేతులు చూసి నాకే అసహ్యమేసింది. కవరు చింపి ఈ పేజీ కలిపాను.

వెంటనే డాక్టరమ్మకి చెప్పు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

బుల్లి

* * *

ఆగస్టు 19

ప్రియమైన బుల్లికి,

నాలుగు రోజులు దాచావు, ఐదో రోజు పంపావు. నాకు అందింది ఐదో రోజుదే, నేను దాన్నే లెక్కలో వేసుకుంటాను. ఇక నా సంగతి విను. నీ ఉత్తరం అందాక రెండు రోజులు నేనూ గట్టిగా పీల్చలేదు. ముప్ఫై ఏళ్ళ ఫిట్టరుకి మిషను సంగతి మందుల షాపావిడ చెప్పడమా అని. మనది ఒకే రక్తం, ఎవరినెవరు తిట్టుకుంటాం.

మూడో రోజు లాగాను. తేనెటీగలా మోగింది. తెరిచి చూస్తే క్యాప్సూల్ ఖాళీ.

నేను చేసిన ఘనకార్యం విని డాక్టరమ్మ నవ్వలేదు. తనే ఓసారి పీల్పించి చూసి ఉండాల్సిందని, పరీక్ష నెల రోజులు వాయిదా వేసింది. అది నిన్న అయింది. మిల్లుకి ముందున్న ఊపిరి రాదు, వస్తుందని నీకు అబద్ధం రాయను. కానీ పరీక్ష కాగితం మీద గీత పైకి లేచింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, బరువులెత్తకుండా, రోజుకో పూట షాపు తెరుచుకోవచ్చంది. షాపు ఇవ్వలేనని టైలరమ్మకి చెబితే, "బతికించారు, ఈ దిక్కుమాలిన మిషన్లు ఎవరు చూస్తారా అని నేనే బెంగపడ్డాను" అంది. బరువులు తన మనిషి ఎత్తుతాడట.

శనివారం బండికి వస్తున్నాను. ఉండిపోవడానికి కాదు, పది రోజులు ఉండి వెళ్ళడానికి. నీకు వీలైతే నెలకోసారి ఇలాగే వస్తాను. నీది మూడో అంతస్తు కదా, మెట్ల మీద రెండుసార్లు ఆగుతాను. పక్కనే నడువు గానీ, చెయ్యి పట్టుకోకు.

నీ అన్నయ్య