తప్పు తలుపుది

నాన్నా,

బట్టలు ఆరేస్తూ మధ్యలో వచ్చి రాస్తున్నాను. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నావని లేపలేదు.

లేచాక కారు షోరూముకి తీసుకెళ్ళు. నాలుగింటికి రమ్మన్నారు. తాళాలు ఊరికే మార్చి ఇస్తారట. ఈ చీటీ కింద ఉన్న ఉత్తరం చూపించు. దారిలో వెనక సీట్లో ఎవరినీ ఎక్కించుకోకు.

మనలాంటి కార్లన్నిటికీ వెనక తలుపు తాళాల్లో లోపం ఉందట. ఎంత గట్టిగా వేసినా, బండి నడుస్తుండగా తలుపు దానంతటదే తెరుచుకోవచ్చని కంపెనీవాళ్ళే రాశారు. ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. నువ్వు విప్పకుండానే కరెంటు బిల్లుల్లో పెట్టేశావు.

పోయిన వారం మలుపులో తలుపు తెరుచుకుని అమ్మ పడబోయింది. "బీరువా తలుపైతే బాగానే వేస్తావు, కారు తలుపు వేయడం మాత్రం చేతకాదు" అన్నావు. అత్తయ్య ముందే అన్నావు. అప్పుడు నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి అమ్మ ఆ మోకాళ్ళ నొప్పితోనే కుట్టుపనికి బస్సులో వెళ్తోంది.

చెప్పడం మరిచాను. పొద్దున ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను. తర్వాత సంచీ భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.